ఆచార్య ప్రఫుల్లచంద్ర రే

అవిభక్త వంగదేశంలోని జెస్సోర్ జిల్లాలో, కపోతాక్షీ నదీతీరాన, రారూలి అనే గ్రామం ఉంది. ప్రస్తుతం అది బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతానికి చెందినది. వంగకవి మైకేల్ మధుసూదన దత్తు జన్మించిన సాగర్‌దారి గ్రామం కూడా ఆ నది ఒడ్డుదే. రారూలిలో 1861 ఆగస్టు 2వ తేదీన హరిశ్చంద్ర రే, భువనమోహినీదేవి దంపతులకు ప్రఫుల్లచంద్రుడు జన్మించాడు. రవీంద్రనాథ ఠాగూరు పుట్టినది కూడా ఆ సంవత్సరంలోనే.

హరిశ్చంద్ర రే జమీందారు. అయితే ఆనాటి జమీందార్లలో ఆయన ఒక విలక్షణమైన వ్యక్తి. కృష్ణనగర్ కళాశాలలో ఆంగ్లవిద్య అభ్యసించాడు. పారశీక భాషలో మంచి ప్రవేశం గలవాడు. స్వగ్రామంలో పాఠశాలను నెలకొల్పాడు. ఇంటిలో చక్కని గ్రంథాలయాన్ని సమకూర్చుకున్నాడు. ఆస్తి విషయంలో మాత్రం ఆయనకు ముందుచూపు తక్కువ. అప్పులు పెరిగి, భూములు ఒకటొకటిగా చేజారిపోతున్నా, బిడ్డల చదువు దగ్గర మాత్రం ఆయన వెనుకంజ వేయలేదు. 1870లో కుటుంబాన్ని కలకత్తాకు తరలించి, మరుసటి సంవత్సరం ప్రఫుల్లచంద్రుని హేర్ పాఠశాలలో చేర్పించాడు. గడియారాలు బాగుచేసే వృత్తితో కలకత్తా చేరి, తన సర్వస్వాన్నీ వంగదేశ బాలుర విద్యకు ధారపోసిన డేవిడ్ హేర్ పేరుతో వెలసిన పాఠశాల అది.

పల్లెనుంచి వచ్చిన ఆ బాలుడికి పుస్తకమంటే ప్రాణం. పన్నెండేళ్ల వయస్సులోనే తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు లేచి, ఎవరి అలికిడీ లేని ఆ నిశ్శబ్దంలో తనకు నచ్చిన గ్రంథాలను చదువుకునేవాడు. ఆటపాటల మీద ఆసక్తి అంతంత మాత్రమే. చదువులో ముందున్నాడు. ఉపాధ్యాయుల మెప్పు పొందాడు. ప్రవేశ పరీక్ష మూడేళ్ల దూరంలో ఉంది. అంతా అనుకున్నట్లే సాగుతున్న ఆ దశలో 1874లో ఊహించని విఘాతం ఏర్పడింది.

ఆ సంవత్సరం ప్రఫుల్లచంద్రుడు నాల్గవ తరగతి చదువుతున్నాడు. ఆనాడు తరగతులను పైనుంచి కిందికి లెక్కించేవారు కనుక, నాల్గవ తరగతి అంటే ఉన్నత పాఠశాల చదువు నడిమధ్య అని అర్థం. అతనికి తీవ్రమైన రక్తవిరేచనాల వ్యాధి సోకింది. నేటి విద్యార్థులకు ఈ వ్యాధి పేరు అంతగా భయం కలిగించకపోవచ్చు. నాలుగైదు రోజులు మందులు వాడి తిరిగి కళాశాలకు వెళ్లడం నేడు మామూలు విషయం. 1874లో పరిస్థితి అది కాదు. ఆ వ్యాధి ఎందువల్ల వస్తుందో నాటి వైద్యులెవరికీ తెలియదు. దానికి కారణమైన సూక్ష్మజీవులలో ఒకదానిని రష్యాలో లోష్ అనే వైద్యుడు 1875లో వర్ణించాడు. మరొకదానిని జపాన్ శాస్త్రజ్ఞుడు షిగా 1897లో గాని కనుగొనలేదు. శత్రువు ఎవరో తెలియని యుద్ధంలో వైద్యుడు మాత్రం ఏమి చేయగలడు? పథ్యం, విశ్రాంతి, మూలికల కషాయాలు, ఆపైన రోగి అదృష్టం. కలకత్తాలో ఏటా ఎందరో పసివాళ్లు ఈ వ్యాధికి బలి అయ్యేవారు.

ప్రఫుల్లచంద్రుడికి ప్రాణాపాయం తప్పింది. కాని వ్యాధి పూర్తిగా వదలలేదు. అది దీర్ఘవ్యాధిగా మారి శరీరాన్ని పీల్చిపిప్పి చేసింది. తిన్నది జీర్ణం కాదు. ఒంట్లో సత్తువ నిలవదు. పాఠశాలకు వెళ్లడం అసాధ్యమైంది. తోటి విద్యార్థులు పై తరగతులకు వెళ్లిపోతుండగా అతడు చదువు మానుకుని సొంత ఊరికి చేరవలసి వచ్చింది. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు; దాదాపు రెండు సంవత్సరాలు. పదమూడేళ్ల బాలుడికి అది ఎంతటి దెబ్బో, చదువులో ఒక్క ఏడాది వెనుకబడిన వారెవరైనా ఊహించగలరు. ఆస్తి కరిగిపోతున్న కుటుంబంలో బిడ్డలకు విద్యే మిగిలే ధనమని నమ్మిన తండ్రికి అది ఇంకెంతటి దిగులు కలిగించి ఉంటుందో చెప్పనక్కరలేదు.

అయితే ఆ తండ్రి ఇంటిలో ఒక గ్రంథాలయం ఉంది.

పాఠశాలలో గంట కొట్టగానే ఒక పాఠం ముగిసి మరొకటి మొదలవుతుంది. పరీక్షకు నిర్ణయించిన పుటలు దాటి చదవడానికి అక్కడ తీరిక ఉండదు. మంచం పట్టిన ప్రఫుల్లచంద్రుడికి ఈ కట్టుబాట్లేవీ లేవు. ఏది చదవాలో చెప్పేవారు లేరు, ఏది చదవకూడదో చెప్పేవారూ లేరు. ఓపిక ఉన్నంతసేపు చదవడం, అలసట తోచగానే పుస్తకం మూసి కళ్లు మూసుకోవడం అతని దినచర్య అయింది. లెత్‌బ్రిడ్జ్ కూర్చిన ఆంగ్ల సాహిత్య సంకలనం, గోల్డ్‌స్మిత్ నవల వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్, చరిత్ర గ్రంథాలు, భూగోళ గ్రంథాలు, వంగసాహిత్యం, విజ్ఞానశాస్త్ర వ్యాసాలు ఒకదాని వెంట ఒకటి పూర్తిచేశాడు. బంకించంద్రుడు నడిపిన బంగదర్శన్ పత్రిక వంగదేశాన్ని ఉర్రూతలూగిస్తున్న రోజులవి. ఆ పత్రికను కూడా అతడు ఆసక్తితో చదివేవాడు.

వీటన్నింటికంటె అతని మనస్సును పట్టి ఉంచినవి మహనీయుల జీవిత చరిత్రలు. న్యూటన్, గెలీలియోల జీవితాలు చదివాడు. అచ్చుకూటంలో అన్న దగ్గర పనినేర్చుకునే కుర్రవాడిగా జీవితం ప్రారంభించి, పెద్దగా బడి చదువు లేకుండానే, స్వయంకృషితో పండితుడై, మెరుపులోని విద్యుత్తును నిరూపించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కథ అతనికి ఎంతో ఆప్తమైంది. బడికి దూరమైన బాలుడికి ఆ కథ నచ్చడంలో వింత లేదు. సర్ విలియం జోన్స్ చరిత్ర మరొకటి. చిన్ననాట తాను ఏ ప్రశ్న వేసినా, చదివి తెలుసుకోమనే తల్లి బదులు చెప్పేదట. ఆ ఒక్క విషయం ప్రఫుల్లచంద్రుడి హృదయంలో నాటుకున్నది. ఈ జోన్స్ పండితుడే న్యాయమూర్తిగా కలకత్తా వచ్చి 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించాడు. ఆ సంస్థ పేరు ఈ కథలో మరొకమారు వస్తుంది.

భాషల మీదికి కూడా అతని దృష్టి మళ్లింది. వ్యాకరణ గ్రంథాన్ని ముందు పెట్టుకుని, గురువు లేకుండా లాటిన్ నేర్వసాగాడు. సంస్కృతం తెలిసిన వాడికి లాటిన్ విభక్తులు, క్రియారూపాలు అంత కొరకరాని కొయ్యలు కావు. రెండు భాషల మధ్య ఉన్న చుట్టరికం అతనికి అబ్బురంగా తోచింది. ఫ్రెంచి, గ్రీకు భాషలతో కూడా పరిచయం చేసుకున్నాడు. రారూలి వంటి పల్లెలో, వ్యాధితో బాధపడుతున్న ఒక బాలుడికి లాటిన్‌తో ఏమి పని? ఆ రోజున అడిగి ఉంటే అతడైనా సమాధానం చెప్పలేకపోయేవాడు. ఇష్టం కనుక నేర్చుకున్నాడు, అంతే.

1876లో ఆరోగ్యం కొంత కుదుటపడింది. ప్రఫుల్లచంద్రుడు కలకత్తాకు తిరిగివచ్చి, కేశవచంద్ర సేన్ మొదలైన బ్రహ్మసమాజ సంస్కర్తలు నెలకొల్పిన ఆల్బర్ట్ పాఠశాలలో చేరాడు. రెండేళ్లు బడి ముఖం చూడనివాడు వెనుకబడి ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. ఆల్బర్ట్ పాఠశాల ఉపాధ్యాయులు మాత్రం ఈ కొత్త విద్యార్థి తరగతిలోని మిగిలిన వారికంటె ఎంతో ముందున్నట్లు గ్రహించారు. 1878లో అతడు ప్రవేశ పరీక్షలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత ఈశ్వరచంద్ర విద్యాసాగరులు స్థాపించిన మెట్రోపాలిటన్ కళాశాలలో ఎఫ్.ఎ. తరగతిలో చేరాడు. నేటి ఇంటర్మీడియట్‌కు ఆనాటి ఎఫ్.ఎ. సమానమని చెప్పవచ్చు. సురేంద్రనాథ బెనర్జీ అక్కడ ఆంగ్లం బోధించేవారు. సాహిత్యమన్నా చరిత్ర అన్నా మక్కువ గల ప్రఫుల్లచంద్రుడు ఆ దారినే సాగిపోవలసినవాడు. కాని ఎఫ్.ఎ.లో రసాయనశాస్త్రం విధిగా చదవాలి. మెట్రోపాలిటన్ కళాశాలలో దానికి తగిన సదుపాయాలు లేనందున ఆ పాఠాలు వినడానికి ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లవలసి వచ్చింది.

అక్కడ అలెగ్జాండర్ పెడ్లర్ అనే ఆచార్యుడు ప్రయోగాలు చేసి చూపుతూ పాఠం చెప్పేవాడు. ఆ ప్రయోగాలు ప్రఫుల్లచంద్రుని మంత్రముగ్ధుని చేశాయి. తరగతిలో చూసినది చాలక, ఒక సహాధ్యాయి బసలో చిన్న ప్రయోగశాలను ఏర్పాటు చేసుకున్నాడు. ఒకనాడు నాసిరకపు రేకుతో చేయించిన పరికరంలో వాయువులు కలిసి అది పెద్ద శబ్దంతో పేలిపోయింది. అదృష్టవశాత్తు ఇద్దరు మిత్రులూ క్షేమంగా బయటపడ్డారు. రసాయనశాస్త్రం మీది ఆసక్తి మాత్రం తగ్గలేదు.

ఇంగ్లండు వెళ్లి ఆ శాస్త్రాన్ని లోతుగా అధ్యయనం చేయాలని అతని కోరిక. తండ్రికి పంపే స్థోమత లేదు. మిగిలిన మార్గం ఒక్కటే: గిల్‌క్రిస్ట్ విద్యార్థి వేతనం. దాని కోసం లండన్ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షకు సమానమైన పరీక్షలో భారతదేశమంతటి విద్యార్థులతో పోటీపడి నెగ్గాలి. ఆ పరీక్షకు కనీసం నాలుగు భాషలు వచ్చి ఉండాలి. వాటిలో లాటిన్ వంటి ప్రాచీన భాషల పరిజ్ఞానం ముఖ్యం. ఈ నిబంధన చూసి ఎందరో తెలివైన విద్యార్థులు ఆ ప్రయత్నమే చేసేవారు కాదు. ప్రఫుల్లచంద్రుడికి ఆంగ్లం, సంస్కృతం సరేసరి. లాటిన్, ఫ్రెంచి భాషలకు పునాది రోగశయ్య మీదనే పడి ఉంది. ఇంట్లో ఒకరిద్దరికి తప్ప ఎవరికీ చెప్పకుండా అతడు సిద్ధమయ్యాడు. సంగతి ఎలాగో బయటపడినప్పుడు కొందరు పరిహసించారు కూడా. 1882లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ ఏడు భారతదేశం మొత్తం మీద ఇద్దరే ఎంపికయ్యారు. ఒకరు బొంబాయికి చెందిన పారశీక యువకుడు, రెండవవాడు ప్రఫుల్లచంద్రుడు.

రారూలి వెళ్లి తల్లి అనుమతి తీసుకుని, చేజారిన ఆస్తిని తిరిగి సంపాదించి ఇల్లు బాగుచేయిస్తానని ఆమెకు మాట ఇచ్చి, అతడు ఓడ ఎక్కాడు. లండన్‌లో అతనికి ఆశ్రయమిచ్చి ఆదరించినది అప్పటికే అక్కడ చదువుకుంటున్న జగదీశచంద్ర బోసు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఆచార్య క్రమ్ బ్రౌన్ వద్ద రసాయనశాస్త్రం అభ్యసించి, 1885లో బి.ఎస్సి., 1887లో డి.ఎస్సి. పట్టాలు పొందాడు. ప్రయోగశాలలో మునిగి ఉన్నప్పటికీ దేశాన్ని మరువలేదు. సిపాయిల తిరుగుబాటుకు ముందు, తరువాత భారతదేశ పరిస్థితిని గురించి 1885లో ఒక వ్యాసం రాసి, ఆంగ్లేయుల పాలనను వారి గడ్డ మీదనే నిర్భయంగా విమర్శించాడు.

1888లో స్వదేశానికి తిరిగివచ్చిన డాక్టర్ ప్రఫుల్లచంద్ర రేకు ఉద్యోగం సిద్ధంగా లేదు. విద్యాశాఖలోని ఉన్నత పదవులు దాదాపు అన్నీ ఆంగ్లేయులకే దక్కిన కాలమది. దాదాపు ఏడాదిపాటు ఆయన జగదీశచంద్ర బోసు ఇంటిలో గడిపారు. చివరకు 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతంపై తాత్కాలిక సహాయాచార్య పదవి లభించింది. ఇదే అర్హత గల ఆంగ్లేయునికి ఇంతకంటె ఎంతో ఎక్కువ ముట్టేది. ఆయన ఆ అన్యాయాన్ని ఎత్తిచూపారు. అయినా పాఠం చెప్పడంలో లోటు చేయలేదు. ఎముకను కాల్చగా మిగిలిన బూడిద కేవలం రసాయన పదార్థమేనని, దానిలో జంతువు జాడ ఏమీ మిగలదని చెబుతూ, విద్యార్థులు నివ్వెరపోయి చూస్తుండగా ఆ బూడిదను చిటికెడు నోట్లో వేసుకునేవారు. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్, జ్ఞానచంద్ర ఘోష్, నీలరతన్ ధర్ వంటి మేధావులు ఆయన తరగతి గదులలో కూర్చున్నవారే.

చదువుకున్న యువకులు గుమాస్తా ఉద్యోగాల కోసం పడిగాపులు పడటం చూసి రే ఎంతో బాధపడేవారు. 1892లో కొద్దిపాటి సొంత సొమ్ముతో అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని తమ అద్దె ఇంటిలోనే బెంగాల్ కెమికల్ వర్క్స్‌ను ప్రారంభించారు. మందుల తయారీకి కావలసిన ఫాస్ఫేట్ కోసం కసాయి దుకాణాలనుంచి బస్తాలకొద్దీ ఎముకలు తెప్పించి మేడమీద ఎండబెట్టేవారు. అకాలవర్షానికి అవి కుళ్లి, పురుగులు పట్టి, కాకులు మూగి ఇరుగుపొరుగుల ఆగ్రహానికి కారణమైన ఉదంతం నేడు నవ్వు పుట్టిస్తుంది గాని, ఆనాడు ఆయనకు అది పెద్ద చిక్కు. పగలు కళాశాలలో పాఠాలు, సాయంత్రం ఇంటివద్ద మందుల తయారీ. వైద్యుడైన మిత్రుడు అమూల్యచరణ్ బోస్ ఆయనకు కుడిభుజమై నిలిచాడు. విదేశీ ఔషధాలతో పాటు మన దేశపు మూలికల సారాలను కూడా వారు శాస్త్రీయంగా తయారుచేసి వైద్యుల ముందుంచారు. నేలవేము, అడ్డసరం, వాము అందులో ఉన్నాయి. రక్తవిరేచనాలకు మన వైద్యులు అనాదిగా వాడే కొడిసెపాల కూడా ఉంది. 1898లో అమూల్యచరణ్ ప్లేగు వ్యాధితో మరణించాడు. ఆ దుఃఖాన్ని దిగమింగి రే సంస్థను నిలబెట్టారు. 1901లో అది పరిమిత కంపెనీగా రూపొంది వందలాది మందికి జీవనోపాధి కల్పించింది. 1980లో దానిని ప్రభుత్వం జాతీయం చేసింది.

పరిశోధన మరొకవైపు సాగుతూనే ఉంది. 1895లో పాదరసంపై సజల నత్రికామ్లం చర్యను పరిశీలిస్తుండగా పసుపు రంగు స్ఫటికాలు ఏర్పడటం రే గమనించారు. అది మెర్క్యురస్ నైట్రైట్. ఈ పరిశోధన ఫలితం 1896లో వెలువడింది. అది అచ్చయినది ఏషియాటిక్ సొసైటీ పత్రికలోనే. రోగశయ్య మీద పడుకుని తాను చదివిన జీవితచరిత్రలోని విలియం జోన్స్ స్థాపించిన సంస్థ అది. చిన్ననాటి సంస్కృత పరిచయం కూడా ఊరకపోలేదు. తాళపత్రాలను, రసశాస్త్ర గ్రంథాలను శోధించి హిందూ రసాయనశాస్త్ర చరిత్రను రెండు సంపుటాలుగా రచించారు. మొదటిది 1902లో వెలువడింది.

ఇంత పని చేసిన మనిషి బలాఢ్యుడేమీ కాదు. పదమూడవ ఏట పట్టిన జబ్బు ఆయనను జీవితాంతం పూర్తిగా విడిచిపెట్టలేదు. అజీర్ణం, నిద్రలేమి తరచు వేధించేవి. బక్కపలచని దేహం, నెరిసిన గడ్డం, ముతక బట్టలు. కొత్తగా చూసినవారికి ఆయన ఒక ఆచార్యుడని తోచేది కాదు. ఆయన దేహాన్ని తిట్టుకోలేదు, దానితో పంతానికీ పోలేదు. అది ఎంత భరించగలదో తెలుసుకుని అంతకు లోబడి నడిచారు. మితాహారం, వేళకు భోజనం, వేళకు నిద్ర. తెల్లవారుజాముల చదువును ఆపేక్షించిన బాలుడే, పెద్దయ్యాక రాత్రి పొద్దుపోయేదాకా మేల్కొని పనిచేయడాన్ని దూరంగా ఉంచారు. ఏకాగ్రతతో చదివే కొద్ది గంటలే చాలునని భావించారు. సాయంత్రం మైదానంలో మిత్రులతో, శిష్యులతో కలిసి నడక ఏ పని ఉన్నా మానేవారు కాదు. మంచాన గడిచిన ఆ రెండేళ్లు తనకు ఒక విధంగా మేలే చేశాయని, పాఠశాలలోనే ఉండి ఉంటే అంత విస్తారంగా చదివి ఉండేవాణ్ణి కానని ఆయన తరువాతి కాలంలో తమ ఆత్మకథలో తలచుకున్నారు. అయితే ఆ మేలుకు చెల్లించిన మూల్యం తక్కువది కాదని కూడా ఆ జీవితం చూసినవారికి తెలుస్తుంది.

1916లో ప్రెసిడెన్సీ కళాశాలనుంచి విరమించి, కలకత్తా విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలలో పాలిత్ ఆచార్యులుగా చేరారు. ఆ భవనంలోని ఒక గదియే ఆయన నివాసమైంది. వివాహం చేసుకోలేదు. పేద విద్యార్థులే కుటుంబం. 1921లో అరవై ఏళ్లు నిండగానే, అటుపై తమకు రావలసిన జీతమంతా విశ్వవిద్యాలయానికే వదులుకున్నారు. 1922లో ఉత్తర వంగదేశాన్ని వరదలు ముంచెత్తినప్పుడు సహాయసంఘానికి నాయకత్వం వహించి, ధనరూపంగాను వస్తురూపంగాను దాదాపు 25 లక్షల రూపాయల సాయం సమీకరించారు. గాంధీజీ పిలుపునందుకుని రాట్నం చేతబట్టి, ఖద్దరు ప్రచారానికి ఊరూరా తిరిగారు. 1924లో భారత రసాయన సంఘం ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షులు ఆయనే.

1936లో డెబ్బైఅయిదేళ్ల వయస్సులో ఆచార్య పదవినుంచి విరమించారు. ఆ గదిని మాత్రం విడువలేదు. అదే పథ్యం, అవే పుస్తకాలు, చుట్టూ అదే విద్యార్థి బృందం. 1944 జూన్ 16వ తేదీన, 82 సంవత్సరాల వయస్సులో, శిష్యుల నడుమ ఆ గదిలోనే కన్నుమూశారు.